చిన్నమామ గుర్తుతాడు

నీళ్ల కింద బండల నడుమ సందుంటే, ఆ సందులకు మనిషి పోయి మళ్లా బయటికి రావచ్చని మా తాండూరు దిక్కు మొదట చూపిచ్చినోడు మా చిన్నమామ. నా పెనిమిటికి సొంత చిన్నాయిన. ఆయనకంటే ముందు ఇంకెవరన్న పోయిన్రేమో నాకు తెల్వదు. పోయి తిరిగి రానోళ్లు వచ్చి చెప్పరు గద.

ఇప్పుడు వీపుకు గాలి డబ్బా కట్టుకొని, కండ్లకు అద్దాలు పెట్టుకొని మునుగుతరట. మంచిదే. మా చిన్నమామకు ఉన్నయి రెండే. రొమ్ముల పట్టినంత ఊపిరి, నడుముకు ఒక మోకు. ఆ మోకు ఇవతలి కొస నా చేతుల ఉండేది. అందుకే ఈ సంగతి నేను రాస్తున్న. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఏండ్లు దాటినంక, మనుమరాలి పలక మీద. సొగసుగ రాయరాదు. జరిగింది జరిగినట్టు రాస్త.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు నేను ఆ ఇంటికి కోడలుగ వచ్చిన. తాండూరు అవతల బండల గని పక్కన గుడిసెలు మావి. మా దిక్కు నేలను తవ్వితే మన్ను తక్కువ, బండ ఎక్కువ. జొన్నరొట్టెల దొంతి లెక్క పొర మీద పొర ఉంటది. పొర సందుల ఉలి పెట్టి సుత్తెతోని కొడితే పలక పలకగ లేస్తది. మా ఇంట్ల మగోళ్లందరు ఆ పనే. మా మామ నేను రాకముందే పోయిండు. ఇంట్ల ఉన్నది మా అత్త, నా పెనిమిటి, చిన్నమామ. చిన్నమామకు పెండ్లి కాలె. ఎవరన్న అడిగితే "మునిగేటోనికి పిల్లనెవరిస్తరు" అని నవ్వేటోడు.

మునుగుడు ఆయనకు రెండో పని. బావిల బిందె పడితే, చేద తెగితే, ఆయనను పిలిచేటోళ్లు. నేను వచ్చిన ఏడు ఆ పని మస్తుగ ఉండె. ఎందుకంటే అంతకు ముందటేడు జనం భయానికి ఇంట్ల సామాన్లన్ని బావులల్ల వేసుకున్నరు. రజాకార్ల భయానికి కొందరు, యూనియన్ ఫౌజు భయానికి కొందరు. భయం పోయినంక సామాను కావాలె. ఇత్తడి బిందెలు, మూటగట్టిన వెండి కడియాలు, తాంబాళాలు తీసిండు. ఒక సాయిబుల ఇంటి బావిల కెల్లి కుట్టుమిషను తీసిండు. ఆ ఇంటి ముసలమ్మ పరదా అవతల కెల్లి, "అల్లా నీ ఊపిరి పెంచాలె భాయ్, ఇది మా బిడ్డ పెండ్లికి పెట్టాల్సిన జహేజు" అని ఏడ్చిందట. మిషను మళ్ల కుట్టిందో లేదో తెల్వదు.

గని అవతల జొన్నచేన్ల నడుమ ఒక పాత మోటబావి ఉండె. మోట తోలుడు ఎప్పుడో ఆపేసిన్రు. దాంట్ల ఎవరో వేసిన గంగాళం కోసం మునిగి, ఒకరోజు ఉత్త చేతులతోని ఇంటికొచ్చిండు. గంగాళం సంగతే మర్చిపోయిండు. అన్నం ముందర కూసొని మా అత్తతోని అన్నడు:

"వదినె, ఆ బావికి పక్కల నోరున్నది."

"ఉంటే ఉండనీ. నువ్వు దాని నోట్ల పడకు."

"మూడు నిలువుల కింద ఉన్నది. దాంట్ల కెల్లి నీళ్లు వస్తున్నయి. సల్లగ. బావి నీళ్లు వేరే, అవి వేరే."

"నీళ్లు నీళ్లే. తిను."

ఆయన తినలే. చెయ్యి కంచంల పెట్టి అట్లనే కూసున్నడు. వేళ్లకు ఇంక ఆ సలువ తగులుతున్నట్టు.

అప్పటిదాక ఆయన మోకు పట్టేది మా అత్త. మా అత్త మంచిదే గాని నోరు ఆగదు. ఒకసారి చిన్నమామ కింద నుంచి మోకు గుంజుతుంటే, ఈమె గట్టు మీద కొడంగల్ బస్సు దిగి పోయేటోళ్లతోని ముచ్చట పెట్టింది. ఆయన పైకి వచ్చేవరకు మొకం నల్లగయింది. గట్టు మీద పండుకొని దగ్గి దగ్గి లేచి, "నోరున్నోళ్లు మోకు పట్టొద్దు వదినె. రేపటి సంది కొత్త కోడలిని తోలు" అన్నడు.

మామల ముందర కోడలు నోరు విప్పొద్దని మా దిక్కు రివాజు. ఎదురుపడితే కొంగు కప్పుకొని పక్కకు తిరగాలె. నేను గూడ మొకం అవతలికి తిప్పే మోకు పట్టిన. ఒకసారి గుంజితే మోకు వదలాలె. రెండుసార్లు గుంజితే ఆపాలె. మూడుసార్లయితే బలమంతా పెట్టి లాగాలె. మా ఇద్దరి నడుమ ఉన్న మాటలు ఆ మూడే. ఆయన మునగంగనే నేను మనసుల ఎంచుతుంటి. నాకు ఇరవై దాకనే వచ్చు. ఇరవై అయితే మళ్ల ఒకటి. ఐదు ఇరవైలు దాటితే వంగి బావిలకు తొంగి చూస్తుంటి. ఆ సందుల నాలుగు బారలు పోతే పైన గాలి ఉన్న గూడు ఒకటి దొరికిందట. అక్కడ తల ఎత్తి ఊపిరి పీల్చుకునేటోడు. ఆ సంగతి తెలిసినంక జర నిమ్మళమయిన.

పైకి వచ్చినంక ఆయన చేసే పని ఒకటుండె. అది చూసేతందుకే నేను అక్కడ నిలబడుతుంటి. వణుక్కుంట బండ మీద కూసొని, ఒక సన్న జనపతాడు తీసుకొని ముడులేసేటోడు. లోపల ఒక బార, అంటే రెండు చేతులు చాపినంత దూరం, పోతే ఒక ముడి. గాలి దొరికిన కాడ ఒక ఉచ్చు. ఎడమకు మళ్లిన కాడ ఒక ఎర్రపేలిక. ఆయనకు చదువు రాదు. సున్న గూడ రాయరాదు. ఆ తాడును ఇంట్ల తలుపు పక్కన మేకుకు తగిలిచ్చేటోడు. పొద్దున్నే దాన్ని పట్టుకొని, కండ్లు మూసుకొని, సాయిబులు తస్బీ పూసలు తిప్పినట్టు వేళ్లతోని జరుపుకుంట పోయేటోడు. దాన్ని గుర్తుతాడు అంటుండె. ఎవరిని ముట్టనిచ్చేటోడు గాదు.

నాకు లోపల ఏముంటదో తెలుసుకోవాలని మస్తు ఆశ ఉండె. అడుగుదామంటే రివాజు. ఇగ అత్తను నడుమ పెట్టి అడిగిన. ఆయన ముందటనే కూసొని ఉండంగ.

"అత్తా, లోపల వెలుతురుంటదా అని అడుగు."

"లేదని చెప్పు వదినె."

"మరి ఎట్ల కనిపిస్తది అని అడుగు."

"చేతులకు కనిపిస్తదని చెప్పు."

"బండ గరుకుగ ఉంటదా, నున్నగ ఉంటదా అని..."

మా అత్తకు కోపమొచ్చింది. "మీ ఇద్దరి నడుమ నేనేం తపాలా డబ్బానా? ఇద్దరికి చెవులున్నయి. నేను పిండి కలపాలె."

గుడిసె బయట మా ఇంటాయన పడి పడి నవ్విండు.

బజార్ల వేరే ముచ్చట నడిచింది. బావిల లంకెబిందెలు దొరికినయని, అందుకే రోజు మునుగుతున్నడని. గని సేటు దగ్గర లెక్కలు రాసే మున్షీ ఒకరోజు ఛత్రి పట్టుకొని బావి గట్టుకు వచ్చిండు. "క్యా మిల్తా రే అందర్? లోపల ఏం దొరుకుతున్నదో నాకు గూడ చెప్పు."

"చీకటి మిల్తది సాబ్. ఎంత గావాలె?"

"మజాక్ చెయ్యకు. ఉత్తగనే ఎవడన్న ప్రాణం మీదికి తెచ్చుకుంటడా? ఏం గావాలె నీకు?"

"ఆ నీళ్లు ఎక్కడికెల్లి వస్తున్నయో సూడాలె."

"ఎందుకు?"

చిన్నమామ ఆయన మొకం దిక్కు చూసిండు, తెలివి లేనోన్ని చూసినట్టు. "వస్తున్నయి గద సాబ్," అన్నడు.

గట్ల ఏండ్లు గడిచినయి. తడవకు ఒక చిన్నమెత్తు లోపలికి. వానకాలం బంద్, ఎండకాలం మళ్ల మొదలు. గాలిగూడు దాటినంక సందు ఎడమకు మళ్లిందట. ఎడమకు ఐదు బారలు పోయినంక ఇంకొక గాలిగూడు. గుర్తుతాడుకు నాలుగు ముడులు, ఉచ్చు, ఎర్రపేలిక, ఐదు ముడులు, ఇంకో ఉచ్చు అయినయి. అంతల ఆయన చెవులు మందగించినయి. లోతు నీళ్లు చెవులను తింటయి. దాని మీద దగ్గు. దగ్గుతోని నెత్తురు. వికారాబాద్ దగ్గర గుట్ట మీద క్షయ దవాఖాన ఉంటే మా ఇంటాయన రైల్ల తీసుకపోయి ఆడ చేర్పిచ్చిండు. పోయేటప్పుడు చిన్నమామ తన బట్టలు చూసుకోలే, మా అత్తకు ఒకటే చెప్పిండు. "ఆ తాడు జర పైలం వదినె. జొన్న కోసినంక వచ్చి చేన్ల మీద పరిచి చూస్త, లోపల సందు ఎక్కడిదాక వచ్చిందో."

అప్పుడు నేను నిండు చూలాలిని. అంతకు ముందు రెండు కాన్పులు నిలువలే.

నొప్పులు పొద్దున మొదలైనయి. సాయంత్రమైనా కాలె, తెల్లారినా కాలె. మంత్రసాని నా కాళ్లు పట్టుకొని కూసొని, "ఇంట్ల ఏడనో ముడి ఉన్నదమ్మా, విప్పు, అన్ని విప్పు" అని మా అత్తకు చెప్పింది. కాన్పు అడ్డం తిరిగితే ఇంట్ల ముడి అన్నది ఉండొద్దు, మూత అన్నది ఉండొద్దు. గది మా పెద్దల మాట. మా అత్త తన కొప్పు విప్పింది, నా జడ విప్పింది. పెట్టె తాళం తీసింది, గింజల గుమ్మి మూత తీసింది. మేకల పలుపులు విప్పింది, జొన్నల మూటలు విప్పింది. మంచం నవారు గూడ విప్పబోతే మంత్రసాని, పండుకున్నది ఏడ పండుకోవాలె అని ఆపింది. నేను చూస్తనే ఉన్న. మా అత్త తలుపు కాడికి పోయి మేకు మీది గుర్తుతాడు తీసింది. వేళ్లతోని రాక పండ్లతోని విప్పింది. ఎర్రపేలిక గుంజి పారేసింది. వద్దని చెప్పే ఓపిక నాకు లేకుండె. ఓపిక ఉంటే చెప్పుదునా? నిజం రాయాలంటే, చెప్పేదాన్ని గాదు. ఆ నొప్పిల నా చేతికి అందితే నేనే విప్పేదాన్ని.

పొద్దు బారెడు ఎక్కేవరకు బిడ్డ పుట్టింది. ముడి విప్పితే పుడతదా అని ఇప్పటి పిల్లలు అడుగుతరు. పుట్టింది మరి. ఏడ్చింది గూడ. మా అత్త ఆ నున్నటి తాడును మళ్ల మేకుకే తగిలిచ్చింది. అప్పుడు గాని ఆమెకు సమఝ్ కాలె, ఏం చేసిందో. "అయ్యో, మరిది!" అని నోటి మీద చెయ్యి పెట్టుకున్నది.

బిడ్డకు మూడు నెలలు దాటినంక గనిల సంగతి తెలిసింది. దక్షిణం గోడకు నీలం బండ పడ్డదట, మచ్చ లేని బండ. సేటు ఆ గోడను లోపలికి కొట్టుకుంట పొమ్మన్నడు. ఆ గోడ అవతల ఉన్నది జొన్నచేను, చేన్ల మోటబావి. బావి సందు ఉత్తరం దిక్కే మళ్లిందని నాకు తెలుసు, మోకు పట్టిన దాన్ని. గనిల అందరికంటే కింది పొరల, ఆ గోడ ముందట సుత్తె పట్టి నిలబడేది నా పెనిమిటి. ఆయనతోని ఇంకో పది మంది.

"ఆ గోడ అవతల నీళ్లున్నయి," అని చెప్పిన.

"ఎంత దూరం?"

అదే గద చెప్పరాదు. చెప్పే తాడు నున్నగ మేకుకు వేలాడుతున్నది.

మా ఇంటాయన మేస్త్రితోని చెప్పిండు. మేస్త్రి మున్షీతోని చెప్పిండు. "ఎంత దూరమో తెల్వకుంటే పని ఆపాల్నా? అట్లయితే సముద్రం గూడ ఉన్నది ఏడనో ఒక తావు," అన్నడట మున్షీ. పని ఆగలే. గోడ రోజుకు ఇంత లోపలికి పోతనే ఉన్నది.

ఇగ చిన్నమామనే అడగాలె. ఉత్తరం రాద్దామంటే రాసేటోళ్లు లేరు, చదివేటోళ్లు లేరు. మా ఇంటాయన పోతే ఆ రోజు ఆయన తావుల ఇంకోడు నిలబడతడు, సుత్తె ఆగదు. నేను, మా అత్త, సంకల బిడ్డ, తాండూరు టేషన్ల రైలెక్కినం. వికారాబాద్‌ల దిగి గుట్టకు నడిచినం. గేటు కాడ ఆపిన్రు. పసిపిల్లను లోపలికి తీసుకపోవద్దు. మా అత్త వెంటనే చెట్టు కింద కూసున్నది. "బిడ్డను నేను పట్టుకుంట. నువ్వు పో."

"నేను ఎట్ల మాట్లాడాలె మామతోని?"

"నేను ఏ మొకంతోని పోవాలె? పండ్లతోని విప్పిన దాన్ని."

పోయిన. చిన్నమామ వరండాల చెక్క బల్ల మీద కూసొని ఉన్నడు. చిక్కి కట్టెపుల్ల అయిండు. నేను కొంగు కప్పుకొని, పక్కకు తిరిగి, తాడు ఆయన చేతుల పెట్టిన. ఆయన ఈ కొస నుంచి ఆ కొస దాక వేళ్లతోని జరిపిండు. మళ్ల ఆ కొస నుంచి ఈ కొసకు. తల ఎత్తి నా దిక్కు చూసిండు. నేను కడుపు మీద చెయ్యి పెట్టి చూపిన, జుట్టు విప్పినట్టు చూపిన, ముడి విప్పినట్టు చూపిన. మా దిక్కు మనిషే గద, సమఝ్ అయింది.

"కొడుకా, బిడ్డా?"

"బిడ్డ," అన్న. మామతోని నేను మాట్లాడిన మొదటి మాట అది. ఆయనకు వినపడలే. చెవులు రెండు పూర్తిగ పోయినయి. మళ్ల గట్టిగ "బిడ్డ!" అంటే వరండాల రోగులందరు తిరిగి చూసిన్రు, ఆయనొక్కడు తప్ప. అప్పుడు నాకు నవ్వొచ్చింది, సిగ్గు పోయింది. కొంగు తీసి ఎదురుంగ కూసొని, ముక్కుపుల్ల ముట్టి చూపిన, ఆడపిల్ల అని. చెవిటోని ముందట రివాజేంది?

"ముడులు పోతే పోయినయి. బిడ్డ వచ్చింది గద," అన్నడు. తాడును ఇంకోసారి జరిపి, "నాకు యాదికి లేదు. ముడేసినంక మర్చిపోత. అందుకే గద ముడి," అన్నడు.

నేను నేల మీద చూపిచ్చిన. ఆయన నీళ్లు తాగే గిన్నె పెట్టి, మోకు గుంజినట్టు చేసి, అది బావి అని చూపిన. ఒక ఇటుక పెల్ల పెట్టి ఇది గని గోడ అన్న. వేలుతోని ఇటుకను టక్ టక్ కొట్టుకుంట గిన్నె దిక్కు జరిపిన. ఆయన మొకంల రంగు మారింది. "కింది పొరల ఎవరున్నరు?" అన్నడు. నేను మెడల పుస్తె తీసి చూపిన.

ఆయన తాడు నా ముందట పడేసిండు. "నీ చేతుల కెల్లి పోయింది గద మోకు. నీకు తెలుస్తది. కట్టు."

నిజమే. ఆయన పోయిన ప్రతి బార నా అరచేతులల్ల కెల్లి పోయింది. కండ్లు మూసుకున్న. బార చాపిన, ముడేసిన. బార చాపిన, ముడేసిన. నాలుగైనంక ఆగిన, అక్కడ మోకు వదులయ్యేది. ఉచ్చు వేసిన. ఆయన తల ఊపిండు. నా కొంగు కొస చింపి ఎడమ మలుపు కట్టిన. తర్వాత ఐదు. ఐదో ముడి కాడ ఆయన నా చేతి మీద చెయ్యి పెట్టి ఆపిండు. ఏదో అనబోయి, నోరు తెరిచి, ఊకున్నడు. "అంతే. ఉచ్చు వెయ్యి," అన్నడు. నేను లేచి వస్తుంటే ఒక మాట చెప్పిండు. "చెవులున్నప్పుడు ఆడ సుత్తె చప్పుడు విన్న. నెత్తి మీదికెల్లి గాదు. పక్కకెల్లి. మీ ఆయనకు చెప్పు."

మరునాడు మేస్త్రిని, మున్షీని పిలిచి కోసిన జొన్నచేన్ల తాడు పరిచినం. బావి నుంచి తూర్పుకు నాలుగు బారలు. పేలిక కాడ ఎడమకు, ఉత్తరానికి మళ్లి ఐదు బారలు. తాడు కొస కాడ మా అత్త ఒక రాయి పెట్టింది. ఆ రాయి నుంచి గని గోడకు మా ఇంటాయన చేతులు చాపి కొలిచిండు. మూడు బారలు.

"తీన్ బారలు!" అన్నడు మున్షీ. "నడుమ ఏనుగులు పండుకోవచ్చు. ఇంత దానికి రైలెక్కి పోయొచ్చిన్రా?"

మేస్త్రి, "ఒక బార కొట్టుకొని ఆపుదం. రెండు బారల బండ మిగుల్తది, చాలు," అన్నడు. నాకు గూడ నిమ్మళమయింది. మా ఇంటాయన మాత్రం కదల్లే, రాయి దిక్కు చూసుకుంట నిలబడ్డడు.

"మూడు బారలు గాదు," అన్నడు.

"నువ్వే గద కొలిచినవ్!" అన్నడు మేస్త్రి.

"మూడు బారల బండ అవతలికి చప్పుడు పోతది, పోదని అనను. గాని యాడికెల్లి వస్తదో తెల్వదు, అన్ని దిక్కుల నుంచి వచ్చినట్టుంటది. పక్కకెల్లి అని దిక్కు తెలిసిందంటే బండ పల్చగున్నట్టు. నేను ఇరవై ఏండ్ల సంది బండను విని కొడుతున్న. గోడ కొట్టే ముందర నన్ను బొక్క కొట్టి చూడనియ్యి."

మేస్త్రి గూడ బండలు కొట్టి పైకొచ్చినోడే. సరే అన్నడు. నిలువెత్తు ఇనుప ఉలి తెచ్చిన్రు. ఒకడు పట్టుకొని తిప్పుతుంటే ఇంకోడు సుత్తెతోని కొట్టాలె. మేం ఆడోళ్లం గని పైన గట్టు మీద నిలబడి చూసినం. మూరెడు లోపలికి పోయింది. తెల్ల పొడి వచ్చింది, ఎండు పొడి. రెండో మూర. ఎండు పొడే. మున్షీ ఛత్రి ముడుచుకొని, "హోగయా? ఇగ పని చేసుకుందమా?" అన్నడు. ఇంకొద్దిగ అన్నడు మా ఇంటాయన. మూడో మూర అయ్యేటప్పుడు పొడి పిండి ముద్దయింది. తర్వాత ఉలి తనంతట తనే ఎనుకకు తన్నింది. బొటనవేలు మందం నీళ్లు, ఇటు గోడ నుంచి అటు కుప్పబోసిన బండల దాక కొట్టినయి. మగోళ్లందరు నిచ్చెనల మీదికి ఎగబడ్డరు. మున్షీ అందరికంటే ముందున్నడు.

నీళ్లు కొంచెం తగ్గినంక మా ఇంటాయన, ఇంకొకడు దిగి తుమ్మ మేకు చెక్కి బొక్కల దిగ్గొట్టిన్రు. నీళ్లు ఆగినయి గాని మేకు చుట్టు చెమ్మ ఊరుతనే ఉన్నది. ఇంటికొచ్చేటప్పుడు మోదుగాకు దొన్నెల ఒకటి పట్టుకొచ్చిండు. నీళ్లతోని బయట పడ్డదట. బియ్యపు గింజ కంటే జర పెద్దది, రొయ్య అసొంటిది. తెల్లగ, లోపలి పేగు కనపడేటంత తెల్లగ ఉన్నది. కండ్లు ఉండాల్సిన తావుల ఏం లేదు. ఎన్నిసార్లు తిప్పి చూసినా లేదు. మా అత్త దాన్ని చూసి, "పాపం, దీనికి చూసే పనే లేదేమో" అన్నది. పొద్దుమీకే లోపు చచ్చిపోయింది.

మున్షీ సేటు దగ్గరికి పోయి ఏం చెప్పిండంటే, అది ఒక పగులు, అంతే, సన్న పగుల్ల కెల్లి నీళ్లు కారినయి అని. తాడు చెప్పింది మూడు బారలు, నీళ్లొచ్చింది మూడు మూరలకు, కాబట్టి తాడు తప్పు, చెవిటోడు తప్పు అని. సేటు కబురు పెట్టిండు. ఆ బొక్కను వదిలేసి, పది అడుగులు పక్కకు జరిగి సోమవారం సంది గోడ కొట్టమని. కూలోళ్లల్ల సగం మంది సరే అన్నరు. పగులైతే పక్కకు జరిగితే చాలు గద. మా ఇంటాయన సరే అనలే, కాదనలే. తాడు యాడ తప్పిందో ఆయనకు తెల్వదు. నాకు తెల్వదు. నా చేతులు తప్పు చెప్పినయా అని నేను ఆ రెండు రోజులు చేతులనే చూసుకున్న.

ఆదివారం పగటియాల్ల చిన్నమామ దవాఖాన నుంచి ఇంటికొచ్చిండు. జర తేరుకున్నడని పంపించిన్రు. వచ్చి బిడ్డను చూసిండు. కంచం ముందర కూసున్నంక మా ఇంటాయన తాడు తెచ్చి ఆయన ముందట పరిచిండు. కొస కాడ వేలు పెట్టి, ఆడ నుంచి మూడు మూరలు చూపిచ్చి, నీళ్లు చిమ్మినట్టు చూపిచ్చిండు.

చిన్నమామ తాడును వేళ్లతోని జరుపుకుంట ఐదో ముడి దాక పోయిండు. తర్వాత, "తాడు తప్పు గాదు. కోడలు మంచిగ కట్టింది. ఐదో ముడి కాడ నేను మోకు విప్పిన," అన్నడు.

"ఏం విప్పినవ్?" అన్నది మా అత్త.

"నడుముకున్న మోకు. గాలిగూట్ల రాతి కొనకు కట్టేసి, ఉత్తగ పోయిన. మీకు చెప్తే మళ్ల మునగనియ్యరని చెప్పలే. చెప్పంది ఎట్ల ముడెయ్యాలె?"

నాకు ఆ రోజు యాదికొచ్చింది. మూడు ఇరవైలు ఎంచిన దాక మోకు కదల్లే. గూట్ల కూసొని అలుపు తీర్చుకుంటున్నడనుకున్న. గట్టు మీద నేను మోకుతోని పట్టుకొని నిలబడ్డది ఆయనను గాదు, ఒక రాతి కొనను అన్నట్టు.

మా అత్త గంటె పట్టుకొని లేచింది. "ముడులు విప్పిన పాపం నా ఒక్కదానిదే అనుకొని మూడు నెలలు ఏడ్చిన! నేను విప్పితే బిడ్డ పుట్టింది. నువ్వు విప్పితే ఏం పుట్టిందిరా?"

ఆయనకు ఒక్క ముక్క వినపడలే. గంటె మాత్రం కనపడ్డది. కొంచెం ఎనుకకు జరిగిండు.

నేను ఆయన చెయ్యి తట్టి, లోపల ఏముండె అని చేత్తోని అడిగిన. అన్నం వదిలేసి లేచి నిలబడ్డడు. చేతులు రెండు చాపిండు. మెల్లగ చుట్టు తిరిగిండు. "సందు అయిపోయింది. బండ లేదు. ఇటు చాపితే బండ తగల్లే, అటు చాపితే తగల్లే. కింద కాలు పెడితే అడుగు లేదు. ఈదిన. ఈదితే గూడ తగల్లే. పైన గాలుండె. కేకేసిన." ఆగిండు. "కేక ఎంటనే రాలే. ఇంకొకడు అవతల ఉండి, ఆలోచన చేసి జవాబు చెప్పినట్టు వచ్చింది. ఆ మీదట సుత్తె చప్పుడు. గీడనే, పక్కన."

ఆయన మొకంల భయం లేదు. అంత సంతోషం ఆయన మొకంల నేను ముందు చూడలే, ఎనుక చూడలే. నేను బిడ్డను ఒళ్లెకు గుంజుకున్న.

మా ఇంటాయన చెయ్యి కడుక్కున్నడు. సగం అన్నం కంచంలనే ఉన్నది. పది అడుగులు పక్కకు జరిగితే ఏముంటదో ఆయనకు తెలిసింది. పోయి ఒక్కొక్క గుడిసె ముందర నిలబడి చెప్పిండు. సోమవారం ఒక్కడు గూడ గోడ మీద ఉలి పెట్టలే. మున్షీ మొత్తుకున్నడు, షాబాదు దిక్కు కెల్లి వేరే కూలోళ్లను తెస్త అన్నడు. మేస్త్రి పోయి సేటునే తోలుకొచ్చిండు. సేటు దిగి, తుమ్మ మేకు చుట్టు ఊరే చెమ్మ మీద అరచెయ్యి పెట్టిండు. చానసేపు పెట్టి తీసి, వాసన చూసిండు. "పడమర దిక్కు కొట్టుకోండ్రి," అని పైకెక్కి పోయిండు.

పడమరకు పోయే ముందర ఆ గోడకు ఆనించి పనికిరాని బండలు పేర్చాలని మగోళ్లు అనుకున్నరు, లోపలి నీళ్లు ఎప్పటికన్న తన్నుకొని రాకుండ. ఆడోళ్లం గూడ మోసినం. చిన్నమామ దగ్గుకుంట వచ్చి గని గట్టు మీద కూసున్నడు, యాడిదాక పేర్చాల్నో చూపిచ్చేతందుకు. పది అడుగులు పేర్చి ఆయన దిక్కు చూసినం. చెయ్యి ఊపిండు, ఇంకా అటు. ఇరవై అడుగులు పేర్చినం. ఇంకా అటు. మా ఇంటాయన, "చిన్నాయినా, యాడ ఆపాలె?" అని చేతులు తిప్పి అడిగిండు. ఆయన నవ్వి, తనకు గూడ తెల్వదని భుజాలు ఎగరేసిండు.

బండలు అయిపోయిన కాడ ఆపినం.